జాన్ ఎవెరెట్ క్లౌ

జాన్ ఎవెరెట్ క్లౌ (1836, జూలై 16 - 1910, నవంబరు) ఒంగోలు కేంద్రంగా నలభై ఏళ్ళకు పైగా పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ఒంగోలు ప్రాంత ప్రజలు ఈయనను క్లౌ దొర అని పిలిచేవారు. 1876-78 నాటి ధాత కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకొని వేలాది మందికి కూలి కల్పించడం ద్వారానూ, 1878లో గుండ్లకమ్మ నదిలో ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందిన సంఘటన ద్వారానూ ప్రసిద్ధి చెందాడు. రామాయపట్నం దైవశాస్త్ర పాఠశాలకు అమెరికాలో శాశ్వత నిధిని సేకరించినవాడు కూడా ఈయనే. దాతల ధనంతో నడిచే సంఘం తన కాళ్ళపై తాను నిలబడేది ఎప్పుడు అన్న ప్రశ్న ఈయన జీవితమంతటా వెన్నంటి వచ్చింది. ఈయన పనిచేసిన మిషన్ శాఖలు తరువాతి కాలంలో నిజాం రాజ్యంలోని పాలమూరు, గద్వాల ప్రాంతాలకు విస్తరించినప్పుడు అక్కడ కూడా అదే ప్రశ్న ఎదురైంది.

నేపథ్యం

పందొమ్మిదవ శతాబ్దంలో అమెరికాలోని ప్రొటెస్టెంటు శాఖలు ఒక్కొక్కటి విదేశీ మిషన్ బోర్డును ఏర్పరచుకున్నాయి. ప్రెస్బిటేరియన్ బోర్డులు భారతదేశంలో ముఖ్యంగా పంజాబు, గంగా మైదానం, కొల్హాపూరు ప్రాంతాలను ఎంచుకోగా, తెలుగు దేశంలో బాప్టిస్టులు, లూథరన్లు మొదలైనవారు పనిచేశారు. శాఖ ఏదైనా ధనం సమకూరే పద్ధతి మాత్రం దాదాపు ఒక్కటే. గ్రామాలలోని, పట్టణాలలోని సంఘ సభ్యులు ఇచ్చే చిన్న చిన్న చందాలు, ధనికులు ఇచ్చే పెద్ద విరాళాలు, మరణశాసనాల ద్వారా వచ్చే ఆస్తులు బోర్డు కార్యాలయానికి చేరేవి. అక్కడి నుండి మిషనరీల జీతాలకు, పాఠశాలలకు, భవనాలకు సొమ్ము కేటాయించేవారు. చందాలు తగ్గిన ఏడాది దూరదేశంలోని పనులు కుంటుపడేవి.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌ను శామ్యూల్ డే ప్రారంభించాడు. 1836లో భారతదేశానికి వచ్చిన ఈయన 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. చాలా కాలం వరకు ఫలితాలు స్వల్పంగా ఉండటంతో, ఖర్చుకు తగిన ప్రయోజనం లేదని భావించిన బోర్డు సభ్యులు నెల్లూరు కేంద్రాన్ని మూసివేయాలని పలుమార్లు ప్రతిపాదించారు. 1853లో జరిగిన సమావేశంలో పటంపై ఒంటరిగా కనిపించిన నెల్లూరును ఒంటి నక్షత్రమని పేర్కొనగా, ఆ పేరే మిషన్‌కు స్థిరపడిపోయింది. 1862లో మళ్ళీ అదే ప్రతిపాదన వచ్చినప్పుడు, సెలవుపై అమెరికాలో ఉన్న లైమన్ జూయెట్ అనే మిషనరీ తాను ఒంటరిగానైనా తిరిగి వెళ్ళగలనని పట్టుబట్టడంతో మిషన్ నిలిచింది. జూయెట్‌కు తోడుగా పంపడానికి ఎంపికైన యువకుడే క్లౌ.

బాల్యం, విద్య

క్లౌ 1836, జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ సమీపాన జన్మించాడు. ఈయన చిన్నతనంలోనే కుటుంబం పడమటి రాష్ట్రాలకు తరలి వెళ్ళి, మొదట ఇల్లినాయిలోనూ తరువాత అయోవాలోనూ వ్యవసాయం చేసుకొని జీవించింది. యవ్వనారంభంలో మిన్నెసోటా ప్రాంతంలో ప్రభుత్వ భూముల సర్వే బృందంలో చేరి గొలుసు పట్టే పనివాడిగా ప్రారంభించి సర్వేయరుగా ఎదిగాడు. భూమిని కొలవడం, మట్టి పనిని అంచనా వేయడం, పనివారిని నడిపించడం ఆ రోజులలోనే అలవడ్డాయి. ఇరవై ఏళ్ళ తరువాత బకింగ్‌హాం కాలువ గట్టున ఈ అనుభవమే అక్కరకు వచ్చింది.

న్యాయవాది కావాలన్న ఉద్దేశంతో అయోవాలోని బర్లింగ్టన్ విద్యాసంస్థలో చేరిన క్లౌ, అక్కడ మతవిశ్వాసం వైపు మళ్ళి బాప్టిస్టు సంఘంలో చేరాడు. హారియెట్ సండర్లాండ్‌ను వివాహమాడాడు. 1862లో అప్పర్ అయోవా విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రుడయ్యాడు. కొంతకాలం మత గ్రంథాలను ఊరూరా తిరిగి పంచే పని చేశాడు. 1864, నవంబరు 30న జూయెట్‌తో కలిసి బోస్టన్ రేవులో ఓడ ఎక్కి 1865 ఏప్రిల్‌లో మద్రాసు చేరుకున్నాడు.

ఒంగోలు రాక

నెల్లూరులో ఏడాదికి పైగా ఉండి తెలుగు నేర్చుకున్న తరువాత 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలుకు నివాసం మార్చారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 1867, జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు బాప్టిస్టు సంఘం ఏర్పడింది.

ఈ సంఘం పెరుగుదలకు మూల పురుషుడు యెర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులానికి చెందిన పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసేవాడు. యోగ సాధకుడిగా, గురువుగా తన వారిలో గౌరవం ఉన్నవాడు. వ్యాపార నిమిత్తం ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరు ప్రాంతంలో క్రైస్తవ బోధ విని ఆకర్షితుడయ్యాడు. ఒంగోలులో బాప్తిస్మం పొంది స్వగ్రామానికి తిరిగి వెళ్ళి తన బంధువులకు, శిష్యులకు బోధించసాగాడు. 1867 జనవరిలో క్లౌ ఒంగోలుకు పడమటగా ఉన్న పేరయ్య గ్రామ ప్రాంతానికి వెళ్ళినప్పుడు 28 మంది బాప్తిస్మం పొందారు. వీరంతా మాదిగలే.

ఇదే కాలంలో ఒంగోలులోని అగ్రవర్ణాల వారు తమ పిల్లలకు ఇంగ్లీషు బడి కావాలని కోరి, అందుకు రుసుము చెల్లించడానికి కూడా సిద్ధపడ్డారు. ప్రారంభ దశలో ఉన్న మిషన్‌కు స్థానికంగా లభించే ఆదాయం, పలుకుబడి రెండూ అవసరమే. అయితే మాదిగలను సంఘంలో చేర్చుకుంటే తమ పిల్లలను పంపబోమని వారు స్పష్టం చేశారు. క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదులలో బైబిలు తెరచి చూడగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో లోకం నీచంగా ఎంచిన వారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగమే కనిపించిందని వారు తరువాత చెప్పుకునేవారు. మాదిగలను వదలుకోకూడదని నిశ్చయించడంతో అగ్రవర్ణాల పిల్లలు బడి మానివేశారు. ఒంగోలు మిషన్ ఎవరి కోసం పనిచేయాలన్నది ఆనాడే తేలిపోయింది. పట్టణంలోని సంపన్నుల నుండి ఆదాయం వచ్చే అవకాశం కూడా దానితోపాటే తగ్గిపోయింది.

గ్రామ బోధకుల పోషణ

కొద్ది సంవత్సరాలలోనే ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య వేలకు చేరింది. ఇంతమందికి ఒక్క మిషనరీ బోధించడం అసాధ్యం కాబట్టి, క్లౌ మాదిగలలోని గురువులను, పెద్దలను గ్రామ బోధకులుగా నియమించాడు. మూడు నెలలకు ఒకసారి వీరందరూ ఒంగోలులో సమావేశమై తమ గ్రామాల సంగతులు చెప్పుకునేవారు, పాఠాలు విని తిరిగి వెళ్ళేవారు.

బోధకులను ఎవరు పోషించాలన్నది క్లిష్టమైన సమస్య. నాటి గ్రామాలలో మాదిగలకు నగదు ఆదాయం దాదాపు లేదు. రైతులకు చెప్పులు కుట్టి, మోట బావులకు తోలు బానలు కట్టి, పొలం పనులు చేసినందుకు కళ్ళంలో కొంత ధాన్యం దక్కేది. చనిపోయిన పశువుపై కూడా వారికి హక్కు ఉండేది. సంఘంలో చేరేవారు ఆదివారం పని చేయరాదని, చచ్చిన పశువు మాంసం తినరాదని, గ్రామ దేవతల జాతరలలో డప్పు మోగించరాదని క్లౌ నియమం పెట్టాడు. వీటిని పాటించిన వారిపై చాలా గ్రామాలలో రైతులు ఆగ్రహించి పని ఇవ్వడం మానేశారు, బావి నీరు ఆపారు. ఆ విధంగా సంఘంలో చేరడమే వారి ఉన్న కొద్దిపాటి ఆదాయాన్ని దెబ్బ తీసింది.

ఇటువంటి వారి నుండి నగదు చందా ఆశించడం కుదరదు. అందుకని క్లౌ గ్రామంలో ముందునుండి ఉన్న ఆచారాన్నే ఆధారం చేసుకున్నాడు. తమ గురువుకు భోజనం పెట్టి ధాన్యం ఇచ్చే అలవాటు మాదిగలకు ఉంది. బోధకుడిని కూడా అదే విధంగా పోషించాలని, తక్కువైన మేరకు మిషన్ నిధి నుండి సాయం అందాలని ఏర్పాటు చేశాడు. తెలుగు సంఘాలలో తరువాత విస్తృతంగా కనిపించిన పిడికెడు బియ్యం పద్ధతి కూడా ఇటువంటిదే. ఇంటి ఇల్లాలు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు వేరే కుండలో వేసి సంఘానికి ఇచ్చేది. పంటల కాలంలో ధాన్యం, కోళ్ళు, గుడ్లు, కూరగాయలు కానుకలుగా వచ్చేవి.

రామాయపట్నం శాశ్వత నిధి

బోధకుల సంఖ్య పెరిగే కొద్దీ వారికి శిక్షణ ఇచ్చే పాఠశాల అవసరమైంది. నెల్లూరు, ఒంగోలు పట్టణాల మధ్య సముద్ర తీరాన ఉన్న రామాయపట్నంలో 1870ల ఆరంభంలో దైవశాస్త్ర పాఠశాల ఏర్పడింది. విద్యార్థులు పేద గ్రామాల నుండి వచ్చినవారు. వారికి, చాలామంది విషయంలో వారి భార్యాపిల్లలకు కూడా తిండి, బట్ట, వసతి పాఠశాలే చూడవలసి వచ్చేది. ప్రతి ఏడూ బోర్డు పంపే సొమ్ముపై ఆధారపడితే, నెల్లూరు కేంద్రానికి పలుమార్లు ఎదురైన గండమే పాఠశాలకూ తప్పదని మిషనరీలు భావించారు.

దీనికి పరిష్కారంగా శాశ్వత నిధి ఆలోచన వచ్చింది. దాతలు ఇచ్చిన మూలధనాన్ని కదపకుండా పెట్టుబడిగా ఉంచి, దానిపై వచ్చే వడ్డీతో మాత్రమే సంస్థను నడపడం ఈ పద్ధతి. తెలుగు దేశంలో దేవాలయాలకు, సత్రాలకు రాజులు, జమీందారులు ఇచ్చిన మాన్యాలు కూడా స్వభావంలో ఇటువంటివే. మాన్యంలో భూమి చెక్కు చెదరకుండా ఉండి దాని ఫలసాయం ధూపదీప నైవేద్యాలకు, అన్నదానానికి వినియోగమవుతుంది. శాశ్వత నిధిలో భూమి స్థానాన్ని ధనం తీసుకుంటుంది.

1872లో సెలవుపై అమెరికా వెళ్ళిన క్లౌపై రెండు బాధ్యతలు ఉన్నాయి. తెలుగు మిషన్‌కు కొత్త మిషనరీలను సమకూర్చడం ఒకటి, రామాయపట్నం పాఠశాలకు 50,000 డాలర్ల శాశ్వత నిధిని సేకరించడం రెండవది. ఈయన పట్టణం నుండి పట్టణానికి ప్రయాణిస్తూ సంఘాలలో ఉపన్యసించాడు. ఒంగోలు ప్రాంత గ్రామాల స్థితిని వివరించి విరాళాలు, వాగ్దానాలు సేకరించాడు. ఇదే కాలంలో 1873లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం సంభవించి బ్యాంకులు, రైల్వే కంపెనీలు దివాళా తీశాయి. దాతలలో వ్యాపారులు ఎక్కువగా ఉన్న సమయంలో ఇది గడ్డు పరిస్థితి. అయినా కార్యాన్ని నెరవేర్చుకొని 1874లో క్లౌ ఒంగోలు తిరిగి వచ్చాడు. రామాయపట్నం పాఠశాల తరువాతి దశాబ్దాలలో తెలుగు బాప్టిస్టు సంఘాలకు వందలాది బోధకులను అందించింది.

ధాత కరువు, బకింగ్‌హాం కాలువ

1876లో వానలు లేక మద్రాసు రాజధానిలోని చాలా జిల్లాలు కరువు పాలయ్యాయి. తెలుగు సంవత్సరం పేరిట దీనిని ధాత కరువు అంటారు. రెండేళ్ళ పాటు సాగిన ఈ కరువులో ఆకలితోనూ, కలరా, మశూచి వంటి వ్యాధులతోనూ దక్షిణ భారతదేశంలో లక్షలాది మంది మరణించారు. సొంత భూమి లేని మాదిగలు, మాలలు మొదట దెబ్బతిన్నారు. రైతు ఇంటనే ధాన్యం లేనప్పుడు కళ్ళంలో వారికి దక్కే వాటా కూడా లేకుండా పోయింది.

ప్రభుత్వం సహాయక పనులను ప్రారంభించింది. వాటిలో మద్రాసు నుండి ఉత్తరంగా కృష్ణా డెల్టా కాలువలతో కలిపే తీర కాలువ తవ్వకం ముఖ్యమైనది. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరున దీనికి బకింగ్‌హాం కాలువ అని పేరు వచ్చింది. అయితే సహాయక శిబిరాలలో పనికి వెళ్ళిన దళితులను అక్కడి అధికారులు, మేస్త్రీలు కులం పేరుతో హీనంగా చూడటం, కూలిలో కోత పెట్టడం జరిగేది. 1877లో కరువు పరిశీలనకు వచ్చిన రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించే ఉద్దేశంతో శిబిరాలలో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికి తగ్గించడం కూడా తీవ్ర విమర్శలకు గురైంది.

ఈ పరిస్థితులలో క్లౌ కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ భాగాన్ని తానే కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పనివారికి గుడిసెలు వేయించి, మంచినీటి బావులు తవ్వించాడు. గ్రామ బోధకులను మేస్త్రీలుగా నియమించాడు. తమ వారే పైన ఉండటంతో దూర గ్రామాల నుండి కూడా జనం పని కోసం వచ్చారు. అందులో క్రైస్తవులే కాక ఇతరులు కూడా ఉన్నారు. ఒక గుంపు కొన్నాళ్ళు పనిచేసి కూలి తీసుకొని ఊరికి వెళితే మరొక గుంపు వచ్చేది. పగలు మట్టి మోసి, రాత్రి వేళ విశ్రమించే సమయంలో బోధకుల మాటలు వినేవారు.

ఇక్కడ ఖర్చయినది దాతల ధనం కాదు. ప్రభుత్వం తవ్విన మట్టికి లెక్క కట్టి ఇచ్చిన సొమ్మే కూలిగా పనివారికి చేరింది. దీనికి తోడు లండన్ మేయరు ఆధ్వర్యంలో బ్రిటన్ ప్రజల నుండి సేకరించిన మాన్షన్ హౌస్ నిధి కూడా కరువు జిల్లాలకు వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో దాని పంపిణీలో క్లౌ పాల్గొన్నాడు. ఈ నిధి ద్వారా గ్రామస్థులకు విత్తనాలకు, ఎద్దులకు, ఇంటి కప్పు నేసుకోవడానికి సహాయం అందింది.

1878 బాప్తిస్మాలు

కరువు కాలంలో వేలాది మంది సంఘంలో చేరతామని కోరినా క్లౌ అంగీకరించలేదు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని, కరువు సాయం అందుతున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వరాదని నిర్ణయించాడు. ఈ విధంగా సుమారు పదిహేను నెలలు ఒంగోలు క్షేత్రంలో బాప్తిస్మాలు నిలిచిపోయాయి.

1878 మధ్యలో వానలు కురిసి సహాయక పనులు ముగింపుకు వచ్చాయి. క్లౌ బోధకులను గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రప్పించాడు. బోధకుల వెంట వారి గ్రామాల నుండి పెద్ద సంఖ్యలో ప్రజలు కూడా వచ్చారు. ఇకపై పంచడానికి ధనం లేదని, తిరిగి గ్రామాలకు వెళ్ళిపోవాలని క్లౌ వారికి చెప్పాడు. తమకు ధనం అక్కరలేదని, బాప్తిస్మం కావాలని వారు పట్టుబట్టారు. అప్పుడు బోధకులు ఒక్కొక్క గ్రామం వారిని విడివిడిగా విచారించి, యోగ్యులని తోచిన వారిని ఎంపిక చేశారు. జూలై 3న ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతుల వారీగా నదిలో నిలబడి 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. క్లౌ ఒడ్డునే ఉండి పర్యవేక్షించాడు. కొద్ది నెలల వ్యవధిలో బాప్తిస్మం పొందిన వారి సంఖ్య 9,600 దాటింది. ఆ ఏడాది చివరికి ఒంగోలు సంఘ సభ్యుల సంఖ్య 12,000 మించింది. ప్రపంచంలోని అతి పెద్ద బాప్టిస్టు సంఘంగా ఒంగోలు పేరు అమెరికా అంతటా మారుమోగింది. పాతికేళ్ళ క్రితం మూసివేతకు సిద్ధమైన మిషన్‌కు విరాళాలు కూడా పెరిగాయి.

క్షేత్ర విభజన, రెండవ నిధి యాత్ర

ఒంగోలు సంఘం ఒక్క కేంద్రం నుండి నిర్వహించలేనంతగా పెరగడంతో 1880లలో దానిని విభజించారు. కంభం, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల మొదలైన చోట్ల కొత్త కేంద్రాలు ఏర్పడ్డాయి. ఒంగోలులో ఉన్నత పాఠశాల పెరిగి తరువాత కళాశాల స్థాయికి చేరింది. 1890 డిసెంబరులో ఒంగోలులో మరోసారి ఒకే రోజున 1,600 మందికి పైగా బాప్తిస్మం పొందారు.

సభ్యుల సంఖ్య పెరిగినంత వేగంగా పాఠశాలలు, ఉపాధ్యాయులు పెరగలేదు. ఆ లోటు తీర్చడానికి 1890ల ఆరంభంలో క్లౌ మళ్ళీ అమెరికా వెళ్ళి 25 మంది కొత్త మిషనరీలు, 50,000 డాలర్లు కావాలని సంఘాలను అర్థించి ఆ లక్ష్యాన్ని సాధించాడు.

కుటుంబం, రచనలు

బాలికల విద్యలో, గృహ సందర్శనలలో పాలుపంచుకున్న హారియెట్ క్లౌ 1893లో మరణించింది. 1894లో క్లౌ, ఒంగోలులో మిషనరీగా పనిచేసిన ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడాడు. ఈమె అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి నాయకుడైన వాల్టర్ రౌషెన్‌బుష్‌కు సోదరి. స్విట్జర్లాండులోని బెర్న్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన విదుషీమణి. మాదిగల జీవనంపై, వారి గురు పరంపరలపై ఈమె రాసిన గ్రంథం 1899లో వెలువడింది. క్లౌ చెప్పగా ఈమె అక్షరబద్ధం చేసిన ఆత్మకథ ఆయన మరణానంతరం 1914లో ప్రచురితమైంది. నాటి ఒంగోలు ప్రాంత గ్రామ వ్యవస్థను అధ్యయనం చేసేవారికి ఈ రెండూ ఉపయోగపడే ఆధారాలు.

పాలమూరు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలు

క్లౌ జీవితకాలంలోనే అమెరికన్ బాప్టిస్టు మిషన్ కృష్ణా నదిని దాటి నిజాం రాజ్యంలో ప్రవేశించింది. 1875లో సికింద్రాబాదులో, 1879లో హనుమకొండలో, 1885లో పాలమూరులో కేంద్రాలు ఏర్పడ్డాయి. పాలమూరు అంటే నేటి మహబూబ్‌నగర్. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సంస్థానంలో కూడా తరువాత బాప్టిస్టు కేంద్రం వెలిసింది. 1890 ప్రాంతంలో రష్యా నుండి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్గొండలో పని ప్రారంభించాడు. అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్ సంఘాలు 1899 నుండి తమ సొంత మిషనరీలను పంపి, క్రమంగా నాగర్‌కర్నూలు, వనపర్తి, దేవరకొండ మొదలైన చోట్ల కేంద్రాలు నెలకొల్పాయి.

దూరదేశపు దాతలపై ఆధారపడటంలోని ప్రమాదం ఈ ప్రాంతంలో రెండు పర్యాయాలు స్పష్టంగా బయటపడింది. మొదటి ప్రపంచ యుద్ధం, 1917 రష్యా విప్లవం కారణంగా రష్యాలోని మెన్నోనైట్ సంఘాల నుండి నల్గొండ ప్రాంతానికి వచ్చే సాయం ఆగిపోయింది. 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో అమెరికన్ బాప్టిస్టుల ఆదాయం పడిపోయింది. ఫలితంగా 1937లో వారు మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలను మెన్నోనైట్ బ్రదరెన్ మిషన్‌కు అప్పగించారు. ఆ విధంగా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ ఒకే మిషన్ కిందికి వచ్చాయి. అమెరికాలోని పంటల ధరలు, బ్యాంకుల స్థితిగతులు నడిగడ్డలోని ఒక గ్రామ సంఘం ఏ మిషన్‌కు చెందాలో నిర్ణయించాయన్నమాట. స్వాతంత్ర్యానంతరం ఈ సంఘాల నిర్వహణ భారతీయుల చేతికి వచ్చింది. ఈ మూడు పట్టణాలు 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు కేంద్రాలు.

విమర్శలు

క్లౌ కృషిపై ఆయన కాలంలోనూ తరువాతా విమర్శలు వచ్చాయి. కరువు తరువాత జరిగిన సామూహిక బాప్తిస్మాలకు ఆకలే కారణమని కొందరు భావించారు. సాయం ఆగిన తరువాతనే బాప్తిస్మాలు ఇచ్చారన్నది దీనికి సమాధానం. అయితే మళ్ళీ కరువు వస్తే దొర ఆదుకుంటాడన్న నమ్మకం వారిలో లేదని చెప్పడం కూడా కష్టం. మేస్త్రీ చేతిలో అవమానం లేని పని దొరకడం, తమ కులం వారే బోధకులుగా గౌరవం పొందడం మాదిగలను ఆకర్షించాయని, ఆకలి ఒక్కటే కారణం కాదని తరువాతి పరిశోధకులు పలువురు అభిప్రాయపడ్డారు.

రెండవ విమర్శ ఆర్థిక స్వావలంబనకు సంబంధించినది. విదేశీ నిధులతో పాఠశాలలు, బోధకుల జీతాలు నడిచినంత కాలం సంఘాలు తమ బాధ్యతను గుర్తించవని మిషనరీలలోనే ఒక వర్గం వాదించింది. పేదలపై హఠాత్తుగా భారం మోపితే బోధకులు ఆకలితో మాడవలసి వస్తుందని మరొక వర్గం ఆందోళన చెందింది. గ్రామం పోషించగలిగినంత గ్రామమే పోషించాలని, బోధకుల శిక్షణ వంటి పెద్ద పనులకు మాత్రం శాశ్వత నిధి ఉండాలని క్లౌ అనుసరించిన మార్గం ఈ రెండింటికీ మధ్యస్థమైనది. ఈ మార్గంలో కూడా ఒక లోపం ఉంది. మూలధనంపై నిర్ణయాధికారం చాలాకాలం సముద్రానికి ఆవలనే ఉండిపోయింది. పిడికెడు బియ్యం ఇచ్చే సభ్యులకు తమ కుండలోని బియ్యం లెక్క తెలుసు గాని, నిధి లెక్కలలో వారికి పాత్ర లేకపోయింది.

చివరి రోజులు, స్మారకాలు

జీవితపు చివరి దశాబ్దంలో ప్రమాదవశాత్తు ఎముక విరిగి క్లౌ నడక దెబ్బతిన్నది. అయినా చాలాకాలం ఒంగోలును విడువలేదు. చివరికి స్వదేశానికి చేరుకొని 1910 నవంబరులో న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో మరణించాడు.

ఒంగోలులోని క్లౌ స్మారక వైద్యశాల ఈయన పేరున ఏర్పడింది. సహచరుడైన జూయెట్ పేరున ఒంగోలులో స్మారక చర్చి ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెలకొల్పిన సంఘాలు 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం అనే సంస్థగా ఏర్పడి స్వతంత్రంగా నిర్వహణ సాగించాయి. క్లౌ నిధి సేకరించిన రామాయపట్నం పాఠశాల తెలుగు నేలపై ప్రొటెస్టెంటు దైవశాస్త్ర విద్యకు తొలి కేంద్రాలలో ఒకటిగా గుర్తింపు పొందింది.